ఉపన్యాసము చికిత్స కాదు

"కౌన్సెలింగు" అను ఆంగ్లపదమునకు మన తెలుగునాట పట్టిన దుర్గతి మఱి యే పదమునకును పట్టియుండదు. ఇంజనీరింగు కళాశాలలలో సీట్లు పంచుట కౌన్సెలింగు. ఠాణా యెదుట రౌడీషీటర్లను వరుసగా నిలువబెట్టి సర్కిలు ఇన్‌స్పెక్టరుగారు గద్దించుట కౌన్సెలింగు. త్రాగి బండి నడపి పట్టుబడినవానిని ఆలుబిడ్డలతో రప్పించి బుద్ధులు చెప్పి పంపుట కౌన్సెలింగు. వీనియందెల్ల సామాన్యధర్మ మొక్కటి కలదు: ఒకరు మాటలాడుదురు, తక్కినవారు విందురు. సీట్ల కౌన్సెలింగునం దదియును లేదు. అచ్చట మాటలాడునది యంత్రము.

ఇట్టి పదము మన బాలల చట్టములో వచ్చి కూర్చున్నది. 2015వ సంవత్సరపు బాలల న్యాయచట్టము, 18వ సెక్షనునందు, నేరము చేసినట్లు తేలిన బాలుని విషయమున న్యాయమండలివా రేమి చేయవచ్చునో చెప్పబడినది. మందలించి, తల్లిదండ్రులకును బాలునకును ఉపదేశము చేసి యింటికి పంపవచ్చును. సామూహిక కౌన్సెలింగునకు హాజరు కమ్మని యుత్తరువు చేయవచ్చును. సమాజసేవ చేయింపవచ్చును. జరిమానా వేయవచ్చును. సత్ప్రవర్తనకు పూచీపత్రము వ్రాయించుకొని, తల్లిదండ్రుల చేతికో తగిన యితరుల చేతికో అప్పగించి, మూడేండ్లకు మించని కాలము ప్రొబేషనులో నుంచవచ్చును. ఇవేవియు చాలవని తోచినపుడు గదా ప్రత్యేక గృహమునకు పంపుట. చట్టము వ్రాసినవారి యుద్దేశము మంచిదే. కారాగారమునకంటె ముందుగా నాలుగైదు మెట్లు కట్టినారు. అయితే రెండవ మెట్టును, అనగా సామూహిక కౌన్సెలింగును, మనవారు కట్టిన తీరు చూచినచో, దానిమీద కాలు పెట్టిన బాలుడు పైకి పోవునో క్రిందికి జాఱునో చెప్పుట కష్టము.

ఊరును, పేరును, పాఠశాలను చెప్పను. చెప్పుట అదే చట్టము 74వ సెక్షను ప్రకారము నేరము. నే నెఱిగిన బాలు డొకడు మోటారుసైకిలు దొంగతనమున పట్టుబడి, ప్రొబేషను మీద విడుదలయ్యెను. తండ్రి గల్ఫుదేశమున కూలి. తల్లి టిఫిను హోటలులో పాత్రలు తోమును. ఆమె కాగితములు చదువలేదు గనుక, సామూహిక కౌన్సెలింగు దినమున నన్ను తోడు రమ్మని వేడుకొనెను. పోతిని. ఒక హాలులో చాపలమీద నలుబదిమందికి పైగా బాలురు. వేదికమీద పూలదండ వేసిన పెద్దమనిషి. ఆయన గంటన్నర సేపు మాతృదేవత కన్నీటినిగూర్చియు, అబ్దుల్ కలాముగారి బాల్యమునుగూర్చియు అనర్గళముగ ఉపన్యసించెను. తరువాత ప్రతిజ్ఞ. తరువాత సంతకములు, పులిహోర పొట్లములు, ఛాయాచిత్రము. చిత్రమున ముఖములు కనబడరాదు గనుక బాలురను వీపులు త్రిప్పి కూర్చుండుమనిరి. ఉపన్యాసకుని ముఖము మాత్రము చక్కగ వచ్చియుండును. ఆ నలుబదిమందిలో నొక్కనినైనను "నాయనా, నీ పేరేమి?" అని యడిగినవారు లేరు.

తిరుగుప్రయాణమున బస్సులో నే నా బాలుని, "ఏమి చెప్పినారురా?" అని యడిగితిని. "ఆయన చెప్పింది నాకేం ఇనపడలేదు సార్. పక్కన కూసున్నోడు బుల్లెట్ బండి లాక్ ఎట్ల తీయాల్నో చెప్పిండు" అనెను. వాడు దానిని గొప్పగా చెప్పలేదు, సిగ్గుపడియు చెప్పలేదు. అడిగితిని గనుక చెప్పెను. ఆ హాలులో ఆ దినమున నిజముగా జరిగిన సామూహిక బోధన అది యొక్కటే. అది వెనుక వరుసలో జరిగినది. ప్రభుత్వమువారు చాపలు పఱచి, ప్రయాణపు ఖర్చు లిచ్చి, ఫలాహారము పెట్టి దానికి ఏర్పాటు చేసినారు.

ఇట్లు చెప్పినంత మాత్రమున ఈ పద్ధతియే పనికిరానిదని తీర్పు చెప్పువారితో నే నేకీభవింపను. అసలు సామూహిక చికిత్స యన నేమో యెఱుగక, దాని పేరు పెట్టిన తిరునాళ్లను చూచి, దానిని దూషించుట న్యాయము కాదు. 1905లో బోస్టను నగరమున జోసెఫ్ ప్రాట్ అను వైద్యుడు బీదలైన క్షయరోగులను తరగతివలె కూర్చి, ఒకరి యనుభవము నొకరు చెప్పుకొనునట్లు చేయగా, మందుకంటె ఆ మాటలే వారికి ధైర్యమిచ్చుచున్నట్లు కనిపెట్టెను. 1932 ప్రాంతమున మొరీనో యను వైద్యుడు న్యూయార్కు కారాగారములలోని ఖైదీలను గుఱించి ఆలోచించుచు ఈ పద్ధతికి పేరు పెట్టెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఫోర్టు నాక్స్ అను సైనికస్థావరమునందు శిక్షపడిన సైనికులపై లాయిడ్ మెకార్కిల్ అనువాడు దీనిని ప్రయోగించెను. ప్రొబేషనులోనున్న బాలురకు దీనిని తెచ్చినదియు నతడే. ఆ కథ కొంత విపులముగ చెప్పవలసియున్నది, ఏలయన మన బాలల కిది యెట్లు జరుగవలెనో అందు తేటపడును.

న్యూజెర్సీ రాష్ట్రమున హోప్‌వెల్ గ్రామము చెంత, అట్లాంటిక్ మహాసముద్రమును ఒంటరిగా విమానముపై దాటిన చార్లెస్ లిండ్‌బర్గు కట్టించుకొన్న యిల్లు ఒకటి కలదు. దాని పేరు హైఫీల్డ్సు. 1932 మార్చి నెలలో ఆ యింటినుండియే యాతని పసిబిడ్డను దొంగలెత్తుకొనిపోయి చంపిరి. ఆ దంపతులు మఱల అందు కాపురముండలేక, బాలల మేలునకై ఆ యింటిని రాష్ట్రమునకు దానము చేసిరి. 1950లో ప్రభుత్వమువారు దానిని నేరము చేసిన బాలురకు నివాసము చేసిరి. మెకార్కిల్ దానికి మొదటి డైరెక్టరు. తమ బిడ్డను నేరగాండ్రకు పోగొట్టుకొన్నవారి యిల్లు నేరగాండ్రైన బిడ్డలకు నీడయైనది. ఇట్టి దానము మన పురాణములలో వినినయెడల కన్నుల నద్దుకొందుము. పొరుగింటివాడు చేసినయెడల వానికి మతి చలించినదందుము.

అచ్చట నుండెడివారు ఒక్కసారికి ఇరువదిమందికి మించెడివారు కారు. పదునాఱు, పదునేడేండ్లవారు. న్యాయాధిపతి ప్రొబేషను విధించుచు, దాని షరతుగా వీరి నచ్చటికి పంపెడివాడు. సుమారు నాలుగు మాసములుండెడివారు. గోడ లేకుండెను, కావలివాడు లేకుండెను. పగలు సమీపమునందలి మానసిక వైద్యశాలలో స్వల్పమైన కూలికి పనిచేసెడివారు. సాయంకాలము పదేసిమంది చొప్పున రెండు గుంపులై, వారమునకు ఐదు దినములు, దినమునకు గంటన్నర సేపు కూర్చుండెడివారు. ఆ గంటన్నరయే చికిత్స.

అందు పెద్దవాడొక డుండును గాని అతడు ఉపన్యసింపడు. ప్రశ్న వేయును, వేచియుండును. మాటలాడవలసినవారు బాలురు. దీనిలోని కిటుకు ఉపాధ్యాయుడ నగుటచే నాకు బాగుగ తెలియును. తప్పు చేసిన బాలుడు పెద్దలయెదుట చెప్పవలసిన మాటలు ముందుగనే వల్లించుకొనియుండును. "మా నాయన త్రాగుబోతు, మాకు దిక్కు లేదు, స్నేహితులు చెడగొట్టిరి" అని వాడు తల వంచుకొని చెప్పగా, న్యాయాధిపతి కరగును, ప్రొబేషను అధికారి కరగును, నేనును కరగుదును. అదే మాట వాడు తొమ్మిదిమంది సాటివారి నడుమ చెప్పినపుడు, ఆ తొమ్మిదిమంది తండ్రులలో నలుగురు త్రాగుబోతులై యుందురు. వారు కరగరు. "మా నాయనయు త్రాగును, నీవు బండి దొంగిలించిన దినమున మీ నాయన ఊరిలోనే లేడు గదా" యని యొక డడుగును. దొంగ యడుగు దొంగకే తెలియును. వా డల్లుకొన్న సాకుల గూడు పెద్దల చీపురునకు అందనిది, తోటివాని వ్రేలికి అందును. ఆ పైని వాడు నిజము చెప్పవలెను, లేదా మౌనము వహింపవలెను. మౌనము వహించినవానికి మఱునాడు సాయంకాలము మఱల అదే కుర్చీ. ఇంతకంటె కఠినమైన శిక్ష నే నెఱుగను. దీనిని గారాబమనువారు ఒక్కదినము తమ తప్పును తమ తోటి యుద్యోగుల నడుమ కూర్చుండి చెప్పి చూతురు గాక.

ఫలితమేమని యడుగుదురు. యాష్లీ వీక్సు అను పండితుడు 1958లో ప్రకటించిన గ్రంథమున, హైఫీల్డ్సు బాలురను ఆనాండేలు అను సంస్కరణాలయపు బాలురతో పోల్చి, హైఫీల్డ్సువారిలో మఱల నేరమునకు దిగినవారు తక్కువయని చూపెను. ఇరుప్రక్కల బాలురును మొదటనే సమానులు కారని విమర్శకులనిరి. ఆ మాట త్రోసివేయరానిది. తరువాత యూటా రాష్ట్రమున ప్రోవో అను పట్టణమునందు, బాలుర నింటియందే యుంచి, పగలు పనికిని గోష్ఠికిని రప్పించు ప్రయోగము మొదలయ్యెను. ప్రభుత్వ పారిశ్రామిక పాఠశాలకు పోయినవారికంటె వీరు చాల మేలుగ నుండిరి. కాని వట్టి ప్రొబేషనులో విడువబడినవారును రమారమి వీరితో సమానముగనే యుండిరి! కావున సామూహిక చికిత్స మంత్రదండము కాదు. బాలుని బంధించుటకంటె ఇంటిచెంత నుంచుట మేలనుట మాత్రము ఇందు స్పష్టమైనది. మన పత్రికలలో ప్రతి క్రొత్త పద్ధతిని సంజీవనిగ వర్ణించు పెద్దలకు ఈ రెండు ఫలితములును కలిపి చెప్పు నలవాటు లేదు.

ఇక ఆక్షేపణలకు వత్తము. "దండోపాయమే లేనియెడల పోకిరివాడు దారికి రాడు, మొక్కై వంగనిది మానై వంగునా" యనువారు గలరు. వీరి కోరికయు న్యూజెర్సీలోనే తీఱినది. రావే కారాగారమున యావజ్జీవ ఖైదీలచేత బాలురపై కేకలు వేయించి భయపెట్టు పద్ధతిని గూర్చి 1978లో చలనచిత్రము తీసిరి. దేశమంతయు చప్పట్లు కొట్టెను, దానికి ఆస్కారు బహుమానము కూడ వచ్చెను. ఫింకెనౌవరు అను ఆచార్యుడు విచారించి 1982లో గ్రంథము ప్రకటించెను: భయపెట్టబడిన బాలురు భయపెట్టబడనివారికంటె ఎక్కువగ నేరములు చేసిరి. పిమ్మట పెట్రొసీనో మొదలైనవారు ఇట్టి ప్రయోగముల నన్నింటిని కూడదీసి చూచినను ఫలిత మదియే. ఏమియు చేయక యింటికి పంపియుండిన బాలుడు ఇంకను మేలుగ నుండెడివాడు. ఠాణాలో బెల్టు చూపి బాలుని బాగు చేసితినను వారికి ఈ లెక్కలు రుచింపవు. మొక్కను వంచుట వేఱు, విఱుచుట వేఱు.

రెండవ యాక్షేపణ బరువైనది. ఆఱు నెలలు సావాసము చేసినచో వారు వీరగుదురని మన ముసలమ్మలు చెప్పు సామెత. చెడిన పిల్లలను ఒకచోట చేర్చి, వారిచేత వారిని బాగుచేయింతునన నేమి వివేకము? ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పువారు పుస్తకములు చదువనివారు. మాసచూసెట్సు రాష్ట్రమున కేంబ్రిడ్జి, సోమర్విల్లు పట్టణములలో 1939 మొదలు 1945 వఱకు 506 మంది బాలురను రెండు సమభాగములుగ విభజించి, ఒక భాగమునకు సకల సహాయములు చేసిరి: సలహాలు, వైద్యము, చదువు, వేసవి శిబిరములు. ముప్పదియేండ్ల తరువాత జోన్ మెకార్డ్ అను విదుషీమణి వారిని వెదకి 1978లో ఫలితము ప్రకటించెను. సహాయము పొందినవారు నేరవిషయమున ఏమాత్రమును మెఱుగు కాలేదు సరిగదా, త్రాగుడునందును, అల్పాయువునందును అధ్వాన్నముగ నుండిరి. అందులోను వేసవి శిబిరములకు మాటిమాటికి పోయినవారి స్థితి మఱింత అన్యాయము. 1995లో డిషియను, ఆండ్రూసు అనువారు ఆరిగాను రాష్ట్రపు పిల్లలనుగూర్చి ఇట్టిదే ప్రకటించిరి: పోకిరి పిల్లలను మాత్రమే గుంపుకట్టి బుద్ధులు నేర్పగా, వారిలో పొగత్రాగుట పెరిగినది, ఉపాధ్యాయుల ఫిర్యాదులు పెరిగినవి. కారణమును కూడ డిషియను పరిశోధించెను. ఒక పిల్లవాడు తాను చేసిన దుండగమును చెప్పగా ప్రక్కవాడు నవ్వును. అంతే. ఆ నవ్వే పారితోషికము. పంతులుగారి మెప్పుకంటె ఆ నవ్వు బరువు ఎక్కువ. తరగతి గదిలో వెనుక బల్ల నెఱిగిన ఏ యుపాధ్యాయునికిని ఇందు ఆశ్చర్యము లేదు.

అట్లయిన హైఫీల్డ్సునకును నే జూచిన చాపల హాలునకును భేదమెక్కడ? ఆ నవ్వు ఎవని వశమున నున్నదో అక్కడ. పదిమందిలో ఒకడు నవ్వినపుడు, "ఏల నవ్వితివి?" అని యడుగుటకు శిక్షణ పొందిన పెద్దవాడొకడు మూడడుగుల దూరమున నుండవలెను. నలుబదిమందిలో ఆ నవ్వు వినబడనే వినబడదు. పదిమందియు ఒకే రకపు ఘనులు కారాదు. పాతకాపు నొకనిని, మొదటిసారి కాలుజాఱిన తొమ్మిదిమందిని కలిపి కూర్చుండబెట్టుట గుల్లలో నిప్పుపెట్టుట. మొదటిసారి తప్పు చేసి, మంచి యిల్లు, బడి గల బాలునకు అసలు గుంపే వలదు. వాని నింటికి పంపుడు. మఱియు తల్లిదండ్రులకు వేఱుగ గోష్ఠి యుండవలెను. ఆరిగాను పరిశోధనయందే తల్లిదండ్రుల గోష్ఠులవలన ఇంట కలహములు తగ్గినట్లు కనబడినది. నే జెప్పిన తల్లి ఆ దినమున హాలు బయట వేపచెట్టు క్రింద గంటన్నర సేపు కూర్చున్నది. ఆమె నెవరును లోనికి పిలువలేదు. ఆ దినపు కూలి మాత్రము పోయినది.

నెలకొక దినము నలుబదిమందికి ఉపన్యాసమా, వారమునకు మూడు దినములు ఎనమండ్రకు గోష్ఠియా? రెండవదానికి జీతగాండ్రు కావలెను, వారికి శిక్షణ కావలెను. డబ్బెక్కడిది యందురు. ప్రత్యేక గృహములో ఒక బాలుని మూడేండ్లు పోషించుటకు డబ్బు దొరకుచున్నది గదా! పూలదండలకును, ఫ్లెక్సీ తెరలకును దొరకుచున్నది గదా! చేయలేనియెడల మానవలెను. ప్రమాణము తగ్గించిన చికిత్స మందు తక్కువైన ఔషధము వంటిది కాదు, విషము వంటిది. ఈ విషయమున పరిశోధనలు చెప్పుచున్నది ఇదియే.

ఇక మన యిండ్ల సంగతి. చదువుకొన్న గృహస్థులు తమ బిడ్డ దారి తప్పినపుడు పట్టణమునకు పోయి, రహస్యముగ మనస్తత్త్వవైద్యుని చూపి, బడి మార్చి, బంధువులకు జ్వరమని చెప్పుదురు. అందు తప్పు లేదు. బిడ్డను కాపాడుకొనుట ధర్మమే. పాలవాని కొడుకు అదే తప్పు చేసినపుడు మాత్రము వీరికి చట్టము మెత్తనైనదని తోచును. ప్రొబేషనుకు మూలపురుషుడు బోస్టనులో చెప్పులు కుట్టుకొని బ్రతికినవాడు. 1841లో జాన్ ఆగస్టస్ అను నాతడు న్యాయస్థానమున నిలిచిన త్రాగుబోతు నొకనిని, తనకేమియు కానివానిని, తన జామీనుపై విడిపించుకొనిపోయి మనిషిని చేసి తెచ్చి చూపెను. ఆ మాసచూసెట్సు రాష్ట్రమే 1878లో దీనిని శాసనము చేసినది. మన దేశమున 1958లో ప్రొబేషను చట్టము వచ్చినది. ఇన్నియేండ్లకును మన వీధిలో ఒక బీదబాలునికి జామీను నిలువుడన్నచో తలుపులు మూతపడుచున్నవి.

చట్టము 24వ సెక్షను ప్రకారము, ఇట్టి బాలునకు ఆ నేరముచే ఉద్యోగాదులయం దనర్హత కలుగరాదు. కాని పాఠశాలలకు ఆ సెక్షను ఎవరు చెప్పవలెను? నే జెప్పిన బాలుడు మఱల బడికి పోగా, "సీట్లు లేవు" అనిరి. అదే వారమున ఇద్దరు క్రొత్తవారు చేరిరి. సాయంకాలము గోష్ఠిలో కూర్చుండి మారుదమనుకొన్నవానికి పగలు పోవుటకు చోటు లేనియెడల, వాడు వెనుక వరుసలోని స్నేహితుని వెదకికొనక యేమి చేయును?

2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరము తరువాత దేశమంతయు రగులుకొనెను, రగులుట న్యాయమే. దాని ఫలముగా 2015 చట్టమున, పదునాఱేండ్లు నిండి ఘోరనేరము చేసిన బాలుని, ప్రాథమిక విచారణ చేసి, పెద్దవానివలె విచారణకు పంపుటకు వీలు కల్పించిరి. పదునాఱేండ్లు వచ్చిన కొడుకును మిత్రునివలె చూడవలెనని మన నీతివేత్తలు చెప్పియున్నారు. ఆ యేడే బోనెక్కింప దగిన యేడని మనము నిర్ణయించితిమి. ఘోరనేరముల మాట వేఱనవచ్చును. వానినిగూర్చి నే నిచ్చట వాదింపను. కాని ఆ కోపమును బండి దొంగిలించినవానిమీదను, సెల్‌ఫోను లాగుకొన్నవానిమీదను చూపుట ఏ న్యాయము?

ఆదిపర్వమున మాండవ్య మహాముని కథ చదువని తెలుగుగృహస్థుడు లేడు. చేయని దొంగతనమునకు కొఱత వేయబడిన ఆ ముని యమునియొద్దకు పోయి కారణ మడుగగా, "బాల్యమున నీవు పురుగులను పుడకతో గ్రుచ్చితివి" అని యముడనెను. ముని, పసితనపు తప్పున కింత దండనయా యని కోపించి, యముని శూద్రయోనియందు విదురుడై పుట్టుమని శపించి, పదునాలుగేండ్లలోపు చేసినది పాపము కాదని మర్యాద యేర్పఱచెను. పండితులు దీనిని హరికథలలో కన్నీరు పెట్టుచు వినిపింతురు. మఱునాడు ప్రొద్దున, పూజకు తెచ్చిన పూలు దొంగిలించిన కుఱ్ఱవానిని స్తంభమునకు కట్టివేయుదురు.

చదువరులలో వకీళ్లు, ఉపాధ్యాయులు, వైద్యులు, చదువుకొన్న స్త్రీలు కలరు. ప్రతి న్యాయమండలిలోను మేజిస్ట్రేటుతోపాటు ఇద్దరు సాంఘికసేవకు లుండవలెననియు, అందొకరైనను స్త్రీ కావలెననియు చట్టము. బాలల ఆరోగ్యము, విద్య, సంక్షేమములయందు ఏడేండ్లు పనిచేసినవారు వానికి అర్హులు. ఆ స్థానములకు ప్రకటన వెలువడినపుడు దరఖాస్తు పెట్టుడు. అందు కూర్చున్నవారు సామూహిక కౌన్సెలింగునకు ఉత్తరువు చేయుటకు ముందు మూడు ప్రశ్న లడుగవలెను: ఎందఱు కూర్చుందురు, ఎవరు నడపుదురు, బాలురు మాటలాడుదురా? నలుబదిమంది యని జవాబు వచ్చినచో ఆ కాగితముమీద సంతకము చేయవలదు.